మొదటి లింకు దగ్గరే ఆగిపోయే పిల్లలకు వెతకడం ఎలా నేర్పాలి?

మేడమ్, మీరు రాసింది చదివాను. తొమ్మిదో తరగతికి ‘విజయనగర సామ్రాజ్యం’ ప్రాజెక్టు పనిగా ఇస్తే, నలభై మందిలో సగానికి పైగా ఒకే వెబ్‌పేజీని నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుని వచ్చారు. ఆ పేజీలోని అచ్చుతప్పు కూడా అందరి కాగితాల్లోనూ భద్రంగా ఉంది. పిల్లలు సొంతంగా వెతకాలంటే ఏం చేయాలి, ఏ సైటును నమ్మాలో వాళ్లకు ఎలా చెప్పాలి, ఫోన్లు తేకూడని బడిలో ఇదంతా సాధ్యమేనా అని అడిగారు. చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి, తర్వాత ఉపాధ్యాయ శిక్షణలోకి వచ్చినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా పిల్లలను కోప్పడకండి. ‘విజయనగర సామ్రాజ్యం గురించి రాసుకుని రండి’ అన్నారు, రాసుకుని వచ్చారు. ఆ పనికి నెట్ సెంటర్‌లో పది నిమిషాలు చాలు. శీర్షిక ఇస్తే దాని మీద ఎవరో ఒకరు ఎప్పుడో వ్యాసం రాసి పెట్టే ఉంటారు. పిల్లవాడు దాన్ని వెతికి పట్టుకోవడమే పని పూర్తిచేయడం అనుకుంటాడు. అలా అనుకోవడంలో వాడి తర్కం సరైనదే. కాబట్టి మార్చాల్సింది మొదట మనం ఇచ్చే పనిని.

అదే పాఠానికి నేను ఇచ్చే ప్రశ్న ఇది: ‘శ్రీకృష్ణదేవరాయల గురించి రాసిన విదేశీయుల్లో ఆయనను కళ్లారా చూసినవారెవరు, విని రాసినవారెవరు?’ దీనికి సిద్ధంగా ఉన్న వ్యాసం తెలుగులో తేలిగ్గా దొరకదు. పిల్లలు ముందు ఇద్దరు పోర్చుగీసువారి పేర్లు పట్టుకుంటారు, డొమింగో పాయెస్, ఫెర్నావో నూనిజ్. తర్వాత తేదీలు వెతకాలి. పాయెస్ వచ్చింది 1520 ప్రాంతంలో, రాయలు సింహాసనం మీద ఉండగా. నూనిజ్ అక్కడ ఉన్నది 1535 తర్వాత, అచ్యుతరాయల కాలంలో. రాయలు పోయింది 1529లో. ఈ మూడు తేదీలు పక్కపక్కన పెట్టగానే జవాబులో సగం వచ్చేస్తుంది. అది ఏ పేజీలోనూ ఉన్నది ఉన్నట్టు రాసి ఉండదు, పిల్లవాడే తేల్చుకోవాలి. మిగతా సగానికి మూలం కావాలి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్ ఈ ఇద్దరి రాతల ఇంగ్లీషు అనువాదాన్ని 1900లో అచ్చువేశాడు. ఆ పుస్తకం మొత్తం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా, మాటలు వెతుక్కోవడానికి వీలుగా ఉంది. ఇంగ్లీషు కష్టమంటే ఒక్క పేరా మీరే చదివి తెలుగులో చెప్పండి. పాయెస్ రాయల రూపం గురించి రాసిన పేరా అయితే మంచిది: మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, సన్నం కంటే కాస్త లావు అనదగ్గ ఒళ్లు, ముఖం మీద మశూచి మచ్చలు. మచ్చల దగ్గరికి వచ్చేసరికి తరగతి మొత్తం తల ఎత్తుతుంది. సినిమాల్లోనూ నాటకాల్లోనూ చూసిన రాయల ముఖం మీద ఆ మచ్చలు ఎప్పుడూ లేవు కదా. ‘ఈయన చూశాడు కాబట్టి రాశాడు’ అన్న మాట అప్పుడు వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది.

ప్రశ్న బాగుందో లేదో చూసుకోవడానికి నా దగ్గర ఒకటే పద్ధతి ఉంది. ముందు రోజు రాత్రి ఆ ప్రశ్నను నేనే ఫోనులో టైపు చేస్తాను. పైనే రెండు వాక్యాల్లో జవాబు వచ్చేస్తే ఆ ప్రశ్న పనికిరాదు. ఎంత వెతికినా పిల్లలకు అందదనిపిస్తే అదీ పనికిరాదు. మూడు నాలుగు చోట్ల ముక్కలు దొరికి, వాటిని కలపాల్సి వచ్చేదే ప్రాజెక్టు ప్రశ్న.

రాజుల చరిత్ర పట్టని పిల్లలకు ఊరి ప్రశ్న ఇవ్వండి. ‘మన చెరువు కింద సాగు ఒకప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత?’ 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో గ్రామాల వారీగా చెరువుల కింద, కాలువల కింద, బావుల కింద సాగు ఎంతో విడివిడిగా ఇచ్చారు. పంచాయతీ కార్యాలయంలో ఒక లెక్క ఉంటుంది, చెరువు కింద పొలం ఉన్న తాతగారి దగ్గర ఇంకొకటి ఉంటుంది. కృష్ణా జిల్లా అయితే గోర్డన్ మెకంజీ అప్పటి జిల్లా వివరాలు కూర్చి 1883లో వేసిన మాన్యువల్‌ కూడా ఉంది. ఈ లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. ఎందుకు కలవలేదో ఒక పేరా రాయమనండి, ఆ పేరాకే మార్కులు వేయండి.

ఇక నమ్మదగ్గ సైటు ఏది అన్న సంగతి. మనలో చాలామంది పిల్లలకు ఒక పట్టిక ఇస్తాం: రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, అచ్చుతప్పులు ఉన్నాయా, చివర ‘ఆర్గ్’ ఉందా, చూడ్డానికి పద్ధతిగా ఉందా. ఈ పట్టికల్లో బాగా పేరుపడ్డది 2004లో కాలిఫోర్నియాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తయారైంది. అప్పటి నెట్‌కు అది సరిపోయి ఉండవచ్చు. ఇప్పుడు ఎవరైనా ఒక పూటలో అందమైన సైటు కట్టించుకోవచ్చు, ‘ఆర్గ్’ పేరు ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. (‘గవ్ డాట్ ఇన్’ మాత్రం అలా దొరకదు, ప్రభుత్వ కార్యాలయాలకే ఇస్తారు. ఈ తేడా పిల్లలకు చెప్పదగ్గది.) పేజీని ఎంత శ్రద్ధగా చూస్తే అంత బాగా తెలుస్తుందన్న నమ్మకమే ఈ పట్టికల్లోని చిక్కు. మోసం చేయదలచుకున్నవాడు ముందు శ్రద్ధ పెట్టేదీ ఆ పేజీ మీదే.

ఈ సంగతిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ పరీక్షించి 2017లో ప్రకటించారు. పదిమంది పీహెచ్‌డీ చరిత్రకారులు, పదిమంది వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తేల్చేవారు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, మొత్తం 45 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సైట్లు చూపించారు. అందులో ఒక పరీక్ష పిల్లల వైద్యుల సంఘాలది. ఒకటి 1930లో పుట్టిన, వేల సంఖ్యలో వైద్యులున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది దాని నుంచి 2002లో విడిపోయిన చిన్న వర్గం, పేరు మాత్రం అంతే గంభీరం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న వర్గం సైటే నమ్మదగ్గదన్నారు. చరిత్రకారుల్లోనూ కొందరు తేల్చుకోలేకపోయారు. పేజీని పైనుంచి కిందిదాకా చదివారు, ‘మా గురించి’ చదివారు, రాతతీరు చూశారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం ఆ పేజీని చదవనే లేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి మిగతా ప్రపంచం ఏమంటోందో చూశారు. కాసేపట్లో తేల్చేశారు.

పిల్లలకు నేర్పాల్సిన అలవాటు ఇదే. ఒక పేజీ ఎలాంటిదో తెలియాలంటే ఆ పేజీలోంచి బయటికి రావాలి. పాతికేళ్లు ‘శ్రద్ధగా చదవండి, పక్కచూపులు చూడకండి’ అని చెప్పినవాళ్లం మనం. ఇప్పుడు పక్కచూపులే నేర్పాలి. గోడ మీద మూడు ప్రశ్నలు రాసి పెట్టండి: ఇది చెబుతున్నది ఎవరు? వాళ్ల దగ్గరున్న ఆధారం ఏమిటి? మిగతావాళ్లు ఏమంటున్నారు? ఇవీ అదే స్టాన్‌ఫర్డ్ బృందం వాడినవే. నాలుగో ప్రశ్న చేర్చాలని మీకు అనిపిస్తుంది, చేర్చకండి. మూడైతేనే పిల్లలకు గుర్తుంటాయి.

దీన్ని మన తరగతిలో ఎలా చేయించవచ్చో ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. మన విజయనగరం ప్రాజెక్టులన్నిటిలోనూ తప్పకుండా ఉండే వాక్యం ఒకటుంది: ‘15వ శతాబ్దంలో విజయనగరాన్ని చూసిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటీ తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నాడు.’ మీ పిల్లల ప్రింటులోనూ ఉండే ఉంటుంది. దీని మూలం పట్టుకోవడమే ఆ రోజు పని.

మొదటి అడుగులో పిల్లలు ఉత్సాహంగా చెబుతారు, ‘చాలా చోట్ల ఉంది సార్’ అని. వాటిలో ఐదు పేజీలు తెరిపించండి. వాక్యం దాదాపు ఒకటే, మాటల వరుస కూడా ఒకటే. ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో అన్నాడో ఆ ఐదింటిలో ఏదైనా చెబుతోందేమో చూడమనండి. అక్కడ మొదటిసారి వాళ్లకు అనుమానం మొదలవుతుంది. ఊళ్లో ఒక్కరు చెప్పిన మాటను యాభై మంది చెబితే యాభై మంది సాక్షులు కారు కదా. ఈ ఒక్క సంగతి తలకెక్కితే చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

రెండో అడుగు కాంటీ ఎవరో చూడటం. ఆయన వెనిస్ వర్తకుడు. స్వయంగా పుస్తకం రాయలేదు. తిరిగి వెళ్లాక పోపు గారి కార్యదర్శి పోజ్జో బ్రాచొలీనికి తన ప్రయాణాలు చెబితే, పోజ్జో దాన్ని లాటిన్‌లో రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని 1857లో లండన్‌లోని హాక్లూట్ సొసైటీ అచ్చువేసింది. 15వ శతాబ్దపు భారతదేశం గురించి వేసిన ఆ సంపుటంలోనే పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రాతలూ ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పుస్తకం మొత్తం పీడీఎఫ్‌గా దొరుకుతుంది. కాంటీ భాగం పెద్దదేమీ కాదు, ఒక పూటలో చదివేయవచ్చు.

మూడో అడుగు చదవడం. విజయనగరం అందులో ‘బిజెనెగాలియా’ అన్న పేరుతో కనిపిస్తుంది. నగరం చుట్టుకొలత 60 మైళ్లని ఉంటుంది. ఉత్సవాలుంటాయి, రాజుగారి భార్యల లెక్క ఉంటుంది. పిల్లలు వెతుకుతున్న ఆ ప్రసిద్ధ వాక్యం మాత్రం కనిపించదు.

ఇప్పుడు వాళ్లు ఏం రాయాలి? కొందరు వెంటనే ‘అది అబద్ధం’ అని రాస్తారు. అక్కడ ఆపాలి. రాయగలిగింది ఇంతే: ‘ఈ మాట కాంటీ అన్నాడని చాలామంది రాస్తున్నారు. ఆయన యాత్రల 1857 నాటి ఇంగ్లీషు అనువాదం చూశాం, అందులో మాకు కనిపించలేదు.’ ఎక్కడ వెతికారో చెప్పి, ఏం దొరికిందో, ఏం దొరకలేదో చెప్పారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. పద్నాలుగేళ్ల పిల్ల ఈ మూడు వాక్యాలు రాసిందంటే మీరు నేర్పాల్సింది నేర్పినట్టే. ఈ వాక్యాన్ని కళ్లు మూసుకుని ఎత్తిరాసిన పెద్దల వ్యాసాలు నేను బోలెడన్ని చూశాను.

ఇదే ఊపులో ‘దేశభాషలందు తెలుగు లెస్స’ కూడా ఇవ్వండి. ‘ఎవరన్నారు?’ అంటే తరగతి మొత్తం ‘కృష్ణదేవరాయలు’ అంటుంది. ఆముక్తమాల్యదలో ఆ పద్యం ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడమనండి. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు రాయల కలలోకి వచ్చి చెప్పే మాట అది. అంతకు సుమారు శతాబ్దం ముందటి క్రీడాభిరామంలోనూ అచ్చంగా అదే పాదం ఉంది, అక్కడి పద్యం ‘జనని సంస్కృతంబు’ అని మొదలవుతుంది. ఈ కావ్యాలకు నెట్‌లో పాఠాలు దొరుకుతాయి, కాబట్టి పిల్లలు స్వయంగా తేల్చుకోగలరు. ‘రత్నాలు రాశులు పోసి అమ్మారు’ అన్న వాక్యానికీ ఇలాగే మూలం వెతికించవచ్చు. పాయెస్ ఒక వీధి గురించి రాస్తూ అక్కడ వర్తకులుంటారని, కెంపులు, వజ్రాలు, పచ్చలు, ముత్యాలు, బట్టలు, ఇంకా అన్నీ దొరుకుతాయని అంటాడు. ఆ వాక్యంలో రాశులూ లేవు, కుంచాలూ లేవు. అవి ఎక్కడి నుంచి వచ్చి చేరాయో వెతకడం ఉత్సాహం ఉన్న ఇద్దరు ముగ్గురికి అప్పజెప్పండి.

వెతకడం అన్నది కూడా ఒక విద్యే, దాన్ని ఎవరూ నేర్పరు. తెలుగులో వెతికేటప్పుడు వచ్చే ఇబ్బందులు వేరు. ఇంగ్లీషు మాటకు సాధారణంగా స్పెల్లింగు ఒకటే ఉంటుంది. మనకు కాంటీ, కాంటి, కోంటి, కొంటి అన్నీ ఉంటాయి. విభక్తి చేరగానే మాట రూపం మారిపోతుంది: రాయలు, రాయల, రాయలకు, రాయలను. అందుకే ఒకసారి వెతికి దొరకలేదంటే దొరకనట్టు కాదు. పేరును నాలుగు రకాలుగా తెలుగులో, ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో వెతికించండి. వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకోవాలంటే రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టాలని చూపించండి, ఈ చిన్న కిటుకు తెలియని ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఇంకొకటి, పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు బొమ్మలుగా స్కాన్ చేసి పెట్టినవే. వాటిలోని మాటలు సెర్చ్‌కు అందవు. పుస్తకం తెరిచి, విషయసూచిక చూసి, పేజీలు తిప్పాల్సిందే. ‘నెట్‌లో లేదు’ అనడానికీ ‘సెర్చ్‌లో రాలేదు’ అనడానికీ ఉన్న తేడా మన భాష పిల్లలకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా తెలియాలి.

తేదీ చూడమని చెబుతాం గానీ ఎందుకో చెప్పం. దానికి మంచి ఉదాహరణ ఉంది. ‘మాతృభాషగా మాట్లాడేవారి సంఖ్యలో తెలుగు దేశంలో ఎన్నోది?’ అని వెతికిస్తే కొన్ని పేజీలు మూడు అంటాయి, కొన్ని నాలుగు అంటాయి. 2001 జనాభా లెక్కల్లో తెలుగువారు 7.40 కోట్లు, హిందీ, బెంగాలీ తర్వాత మూడో స్థానం. 2011లో 8.11 కోట్లయ్యారు, కానీ మరాఠీ 8.30 కోట్లతో ముందుకు వెళ్లింది, మనం నాలుగుకు దిగాం. ఆ భాషా పట్టికలు బయటికి వచ్చింది 2018లో. కాబట్టి 2015లో మూడు అని రాసినాయన తప్పు రాయలేదు. దాన్ని ఇవాళ ఎత్తిరాసినవాడిదే తప్పు.

వికీపీడియా చూడొద్దని చాలా బళ్లలో నిషేధం పెడతారు. చూడొద్దంటే మానరు, చూసి చెప్పరు అంతే. చూడనివ్వండి. అయితే వ్యాసం చదివి ఆపకుండా కింద ఉన్న మూలాల దగ్గరికి పొమ్మనండి, ఒక మూలం తెరిచి పైన చెప్పిన సంగతి అందులో నిజంగా ఉందో లేదో చూడమనండి. తెలుగు వికీ 2003 నుంచి ఉంది, ఊళ్ల మీద, కవుల మీద మంచి వ్యాసాలున్నాయి. ఒకే విషయం మీద తెలుగు వ్యాసాన్నీ ఇంగ్లీషు వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందులో లేదో రాయించండి. ఒక పీరియడుకు సరిపోయే పని.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించి మీరు అడగలేదు గానీ, వచ్చే ఏడాదికల్లా అడుగుతారు. నెట్ సెంటర్ ప్రింటు పోయి దాని జవాబు వస్తుంది. అచ్చుతప్పులుండవు కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పుల్లో కొన్ని ఎక్కడా లేనివి. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఈ కథ చెప్పి, పిల్లల చేత అదే యంత్రాన్ని కాంటీ గురించి మూలాలు అడిగించండి. ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ, ప్రతి పేజీ సంఖ్యనూ వెతికి చూడమనండి. వాడొద్దని చెప్పే ఉపన్యాసం కంటే ఈ పని బాగా పనిచేస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇలాంటివి వరసగా నాలుగైదు చేయిస్తే పిల్లలకు ఒక కొత్త జబ్బు పట్టుకుంటుంది. ఏం చెప్పినా ‘నెట్‌లో అంతా అబద్ధమే సార్’ అంటారు. మొదటి లింకును నమ్మడం ఎంత సోమరితనమో, దేన్నీ నమ్మకపోవడం కూడా అంత సోమరితనమే, రెండింటిలోనూ వెతికే బాధ ఉండదు. అందుకే నిజమని తేలేవి కూడా సగం కలిపి ఇవ్వండి. నాకు ఇష్టమైన జంట జనగణమన మీద ఉంది. ‘మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమ గీతంగా యునెస్కో ప్రకటించింది’ అన్నది ఒకటి. ‘జనగణమనకు రవీంద్రనాథ్ ఠాగూర్ ఇంగ్లీషు అనువాదం చేసింది చిత్తూరు వైపు మదనపల్లెలో’ అన్నది రెండోది. రెండూ ఫార్వర్డ్ సందేశాల్లాగే వినిపిస్తాయి. రెండోదైతే మరీ ఊరి గొప్ప చెప్పుకుంటున్నట్టు ఉంటుంది, పిల్లల్లో ఎక్కువమంది దాన్నే కొట్టేస్తారు. తీరా వెతికితే మొదటిది యునెస్కో వాళ్లే 2008లో కాదన్నది, రెండోది నిజం. ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉండి ఆ అనువాదం చేశారు.

పూర్తిగా నిజమూ కాని, పూర్తిగా అబద్ధమూ కానివి ఇంకా బాగుంటాయి. ‘ప్రపంచ లిపుల్లో తెలుగు రెండో ఉత్తమ లిపి’ అన్నది మీకూ వచ్చే ఉంటుంది. దాని వెనక్కి వెళితే 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఒక లిపుల పోటీ దగ్గరికి చేరతారు. కొరియా పత్రికలు రాసిన వార్త అది. మొదటి బహుమతి కొరియా లిపికి, రెండోది తెలుగుకు, మూడోది ఇంగ్లీషుకు. నిర్వహించినవారు ఏ దేశంవారో వెతకమని పిల్లలకు చెప్పి మీరు మాట్లాడకుండా కూర్చోండి. కొరియావారేనని తేలినప్పుడు తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. పోటీ జరిగింది, తెలుగుకు బహుమతీ వచ్చింది. ఆ బహుమతి బరువెంత అన్నదే ప్రశ్న, అది వాళ్లే తేల్చుకుంటారు. కొంతమంది తెలుగు మాస్టార్లకు ఈ పాఠం నచ్చదు, ముందే చెప్పి ఉంచండి.

మార్కుల సంగతి. రంగుల చార్టుకు మార్కులు వేసినంతకాలం రంగుల చార్టులే వస్తాయి. నేను ప్రాజెక్టుతో పాటు ‘వెతికిన దారి’ అని ఒక పేజీ అడుగుతాను, చేతిరాతతో. ఏ మాటలతో వెతికారు, ఏవి తెరిచారు, తెరిచి ఏవి వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ముందు ఏమనుకున్నారు, ఇప్పుడు ఏమనుకుంటున్నారు. సగం మార్కులు ఆ పేజీకే. వదిలేసిన పేజీల గురించి రాసింది ముందు చదవండి, పిల్లవాడు నిజంగా వెతికాడా లేదా అక్కడ తెలిసిపోతుంది. వ్యాసాన్ని ఎవరి దగ్గరైనా ఎత్తిరాయవచ్చు గానీ వదిలేసినవాటిని ఎత్తిరాయడం కష్టం. అనుమానం ఉంటే పిల్లవాణ్ణి పిలిచి ‘ఇది ఎందుకు వద్దనుకున్నావు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. మొదట్లో తల్లిదండ్రులు వచ్చి ‘పక్క బడిలో థర్మోకోల్‌తో కోట కట్టించారండీ, ఇక్కడ గీతలు కొట్టిన కాగితమా’ అంటారు. అనుకోనివ్వండి.

ఇక ఫోన్లు లేకపోవడం. అది మీరు అనుకున్నంత అడ్డంకి కాదు. నిజానిజాలు తేల్చేవాళ్లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించిన ఇంకో గుణం ఏమిటంటే, సెర్చ్ ఫలితాలు రాగానే వాళ్లు పైదాన్ని నొక్కరు. కిందిదాకా జరిపి, సైటు పేరు, రెండు వరుసల సారాంశం చదివి, అప్పుడు ఒకదాన్ని ఎంచుకుంటారు. దీన్ని నేర్పడానికి నెట్ అక్కర్లేదు. ఇంట్లో ‘నికోలో కాంటీ తెలుగు’ అని వెతికి, వచ్చిన ఫలితాల పేజీని ప్రింటు తీసి, నలుగురికి ఒకటి చొప్పున జిరాక్స్ చేయించండి. పది జిరాక్సులు చాలు. ప్రకటనలుగా వచ్చినవాటి మీద ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు వాటికి సున్నా చుట్టమనండి. తర్వాత ఏది మొదట తెరుస్తారో ఒకటి అంకె వేసి, పక్కన కారణం రాయమనండి. రెండు గుంపులు వేర్వేరు లింకులు ఎంచుకున్నప్పుడు వాదన మొదలవుతుంది, ఆ వాదనలోకి మీరు దూరకండి. పీరియడ్ చివర్లో వాళ్లు ఎంచుకున్న రెండు పేజీలను మీ ఫోనులోనో ప్రొజెక్టర్ మీదో తెరిచి చూపించండి. కరెంటు పోతే మర్నాటికి వాయిదా వేయండి, అప్పటికి ఇంట్లో అన్నయ్య ఫోనులో సగం మంది చూసి వచ్చేస్తారు.